బీరువా తలుపు మీద చెయ్యి

సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద పేర్లు పడతాయి చూడండి, ఆ కాసేపూ ఎవడు చూస్తాడు? సీటు వెతుక్కునేవాడు వెతుక్కుంటుంటాడు, పక్కవాడి కాలు తొక్కినవాడు సారీ చెబుతుంటాడు, ఫోను ఆపమన్నా ఆఖరి మెసేజి పెట్టేవాడు పెడుతూనే ఉంటాడు. బయటికొచ్చాక కెమెరామెన్ పేరేమిట్రా అని అడిగితే ఒక్కడూ చెప్పడు. అయినా సరే, దయ్యం సినిమా కానివ్వండి, హత్యల సినిమా కానివ్వండి, ఆ కాసేపట్లోనే జనం ఒంట్లోకి భయం ఎక్కించేస్తారు. ఎక్కినట్టు జనానికి తెలియనే తెలియదు. ఆ పని చేసి బతికే మనిషి పేర్లక్క.

అసలు పేరు ఒకటి ఉంది గానీ, దాంతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. అందరి పేర్లూ తెర మీదికెక్కించే మనిషి కదా, స్టూడియోల్లో పేర్లక్క అని స్థిరపడిపోయింది. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. మనిషి ముక్కుసూటి. హీరో పేరు ఇంకా పెద్దగా పడాలని ఒక నిర్మాత పట్టుబడితే, "అంత పెద్ద పేరు వేస్తే ఇక దయ్యం ఎక్కడ నిలబడాలండీ" అని మొహం మీదే అనేసింది. ఆయన నొచ్చుకున్నాడు గానీ తర్వాతి సినిమాకి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చాడు. రాక ఏం చేస్తాడు, ఆ పని అలా చేసేవాళ్ళు ఇంకొకళ్ళు ఉంటే కదా.

ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. టైటిల్స్‌లో దయ్యాన్ని చూపించినవాడికి పని రానట్టే అనేది. రోజూ ఇంట్లో చూసే వస్తువునే మరీ దగ్గరగా చూపించాలి. దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుక, కుళాయి అంచున వేలాడుతూ ఎంతకీ రాలని నీటిచుక్క, సూదిలోకి ఎక్కని దారం. అదేమిటో పోల్చుకునే లోపల పక్కదానికి వెళ్ళిపోవాలి. చప్పుడు ముందు వినపడాలి, బొమ్మ తర్వాత రావాలి. పేరు పడాల్సిన క్షణం కంటే కొంచెం ఆలస్యంగా పడాలి, ఆ ఆలస్యంలో జనం ఊపిరి బిగబట్టాలి. ఇవన్నీ ఒక ఎత్తు. అన్నిటికంటే ముఖ్యం, హంతకులెవరో టైటిల్స్‌లోనే చెప్పేయాలి, చెప్పినట్టు మాత్రం తెలియకూడదు. చివరికొచ్చాక చూసేవాడు, "ఓరి నాయనో, మొదట్లోనే చూపించేశారురా" అని నెత్తి కొట్టుకోవాలి.

అందుకే ఆమెకొక పట్టింపు ఉండేది. చివరి రీలు చూడందే మొదటి అక్షరం వెయ్యదు. రీళ్ళ కాలం ఏనాడో పోయింది, ఆమె మాట మాత్రం మారలేదు. ఒక పేరున్న దర్శకుడు ముగింపు రహస్యమండీ, ఎవరికీ చెప్పడం లేదు అంటే, అయితే పేర్లు కూడా రహస్యంగానే ఉంచుకోండి అని లేచి వచ్చేసింది. ఎంత పెద్దవాడొచ్చి బతిమాలినా ఆ ఒక్క విషయంలో మెత్తబడింది లేదు.

మెత్తబడింది ఒక్కసారే, చెల్లెలి కోసం.

చెల్లెల్ని ఆమె చిన్నీ అనేది. ఇద్దరికీ వయసులో తేడా బాగానే ఉంది, చెల్లెలు బొమ్మలాడుకునే నాటికి అక్క వంట చేస్తోంది. తల్లి ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం వెళితే తెల్లారాకే రావడం. తండ్రి ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో ఉండేవాడు. తాగేవాడు కాదు. తాగినా బాగుండేది, ఓ మూల పడి నిద్రపోయేవాడేమో. ఒంటి మీద పూర్తి తెలివి ఉండగానే బెల్టు తీసేవాడు. అన్నం మాడిందని ఒకరోజు, మాడకపోతే కళ్ళెత్తి చూసిందని ఇంకోరోజు. తండ్రి నడకలో చప్పుడు మారితే చాలు, అక్కకి తెలిసిపోయేది. చెల్లెల్ని చంకనేసుకుని పడగ్గదిలోకి పరిగెత్తి, చెక్క బీరువాలో దుప్పట్లు పెట్టే అరలో కూర్చోబెట్టి తలుపు వేసి గొళ్ళెం పెట్టేసేది. ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడేది. తగలాల్సినవన్నీ తగిలి, తండ్రి ముందుగదిలోకి పోయాక, వేళ్ళతో ఆ తలుపు మీద మెల్లగా కొట్టేది. నేనున్నాను, పడుకో అని.

ఒకనాడు తండ్రి బీరువా దాకా వచ్చాడు. తలుపు తెరవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది, ఆయన ఆ తలుపుని చేతి మీదికే విసిరి కొట్టాడు. కుడిచేతి చిటికెన వేలు విరిగింది. సరిగా అతక్క లోపలికి వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. తల్లి అడిగితే జారిపడ్డానని చెప్పింది. ఆ ఇంట్లో జరిగింది ఆమె బయట ఎవ్వరికీ చెప్పలేదు. తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, బీరువాలో కూర్చున్నది.

తల్లీ పోయింది, తండ్రీ పోయాడు. అక్క బోర్డులు రాసే కొట్టులో చేరి, అక్కణ్ణించి సినిమా అక్షరాల్లోకి వచ్చింది. చెల్లెల్ని తనే ఈ లోకంలోకి తీసుకొచ్చి, తెలిసిన ఎడిటర్ దగ్గర కూర్చోబెట్టింది. చిన్నది చురుకైంది, నాలుగు మాటలు రాస్తే చదివేవాడు లేవలేడు. అందరి దగ్గరా అసిస్టెంటుగా తిరిగి తిరిగి, ఎట్టకేలకు సొంతంగా ఒక సినిమా పట్టింది. అక్క ఆ రోజు గాల్లో తేలిపోయింది. కనపడినవాడికల్లా, అడక్కపోయినా చెప్పింది.

టైరు కొట్టు పైనున్న గది పేర్లక్క పనిచేసే చోటు. కిటికీలకి నల్లగుడ్డ, మధ్యలో పొడుగు బల్ల, దాని మీద లెన్సులూ దీపాలూ, చుట్టూరా పాత సామాను. పాత సామాన్లవాడు కూడా జాలిపడే గది అది. అక్కడికి చిన్నది సినిమా మొదటి సగం పట్టుకొచ్చింది. రెండో సగం ఏదే అంటే, ముగింపు రెండు రకాలుగా తీశామనీ, ఏది ఉంచాలో ఇంకా తేలలేదనీ, ఈ సగం చూస్తే చాలనీ చెప్పింది. అక్క మొహం ముడుచుకుంటూనే చూడ్డం మొదలుపెట్టింది.

తెర మీద ఒక ఇల్లు, ఇద్దరాడపిల్లలు, గదిలోంచి దగ్గే ఒక తండ్రి. సాయంత్రం అయితే చాలు చిన్నపిల్లని బీరువాలో పెట్టి తలుపేస్తారు. బయట ఏదో ఘోరం జరుగుతుంటుంది, ఏం జరుగుతోందో కనపడదు. లోపలున్న పిల్లకి చప్పుళ్ళు మాత్రమే వినపడతాయి. కాసేపటికి తలుపు మీద వేళ్ళ చప్పుడు. అంతవరకే ఉంది.

పేర్లక్క బొమ్మని తెర మీదే ఆపేసింది. తర్వాత, "ఇది మనిల్లే కదే" అంది.

"మనిల్లే అక్కా," అని చెల్లెలు మెడ చుట్టూ చేతులు వేసింది. "ఈ ఒక్కసారికీ చివరి రీలు అడక్కు. నువ్వు చెయ్యి."

ఈ ఒక్కసారికీ అని చెల్లెలు అడిగితే కాదన్నది ఆమె జన్మలో లేదు. పైగా తను ఎవరికీ చెప్పుకోలేకపోయింది చెల్లెలు చెబుతోంది. ఇన్నాళ్ళకి జనమంతా ఆ ఇంట్లోకి వచ్చి చూస్తారు, ఎవరేం చేశారో, ఎవరు ఎవరికి అడ్డం నిలబడ్డారో చూస్తారు. రెండో సగంలో ఆ తండ్రి బండారం బయటపడుతుందని ఆమె అనుమానం లేకుండా నమ్మింది. నమ్మకేం, చెప్పేది బీరువాలో కూర్చున్న పిల్లే అయినప్పుడు.

ఇక చూడండి ఆమె పని. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, తమ ఇంట్లో ఉన్నలాంటి చెక్క బీరువా వెతికి పట్టుకుంది. కెమెరాని లోపల పెట్టింది. చీకట్లో దుప్పటి కుట్లు, సందులోంచి పడే సన్నటి వెలుగు, ఆ వెలుగులో తిరిగే నలుసులు, గొళ్ళెం దించుతుంటే వణికే ఇనప ముక్క. మధ్యలో నేల మీద ఒక బెల్టు బకిలు, మెరిసీ మెరవనట్టు. చిన్నది వచ్చి అంతా చూసి, ఒళ్ళు జలదరించిందక్కా అని, ఆ బెల్టు మాత్రం తీసెయ్యి, ఎక్కువైపోయింది అంది. అక్క తీసేసింది. అక్కడే అనుమానం రావాలి. ఇంకెవరైనా బెల్టు తీసెయ్యమంటే ఎందుకని నిలదీసి ఉండేది. చెల్లెలు అంటే అడగలేదు, అంతే.

చేతి దగ్గర పని ఆగింది. తలుపు మీద కొట్టే వేళ్ళ కోసం ముగ్గుర్ని పిలిపించింది గానీ, అందరివీ నగల ప్రకటనల్లోకి పనికొచ్చే చేతులు. చిన్నదే దారి చెప్పింది. "నీ చెయ్యే పెట్టక్కా. ఆ వేలుకి నటన కూడా అక్కర్లేదు." అక్క మొదట సిగ్గుపడింది. తర్వాత బల్ల ముందు కూర్చుని, దీపం సర్దుకుని, తన చెయ్యిని తనే కెమెరాలో తీసుకుంది. బీరువా తలుపు మీద మెల్లగా పడే వేళ్ళు, వంకర తిరిగిన ఆ చిటికెన వేలు తెరంతా నిండేట్టు. ఆ బొమ్మని ఆఖర్న పెట్టి, దర్శకత్వం అని చెల్లెలి పేరు దాని మీదే వేసింది. అలా వేసినందుకు తనలో తనే కాసేపు మురిసిపోయింది.

ఒకనాటి పొద్దున చిన్న ప్రివ్యూ హాల్లో సినిమా అంతా వేశారు. నిర్మాత, ఎడిటర్, పని చేసినవాళ్ళు కొందరు, అక్కాచెల్లెళ్ళు. టైటిల్స్ పడుతుంటే కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయింది. నిర్మాత లావుపాటి మనిషి, ఆయన కూడా కాళ్ళు రెండూ పైకి లాక్కున్నాడు. పేర్లక్క చీకట్లో చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. చిన్నది ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

రెండో సగం మొదలైంది. తెర మీద తండ్రి మంచం పట్టిన మనిషి. మెత్తటివాడు, పిల్లలంటే ప్రాణం. అతన్ని రోజూ సాయంత్రం హింస పెడుతున్నది పెద్దకూతురు. మందుల్లో ఏదో కలిపి తాగించి కొద్దికొద్దిగా చంపుతోంది, కదలకుండా కట్టేస్తోంది. చూడకుండా చెల్లెల్ని బీరువాలో వేసి గొళ్ళెం పెడుతోంది. పని అయ్యాక తలుపు మీద వేళ్ళతో కొడుతోంది. నోరెత్తావో, తర్వాత నువ్వే అని. బీరువాలో పిల్ల నోరు నొక్కుకుని వణుకుతోంది. అప్పుడు ఆ చెయ్యిని దగ్గరగా చూపించారు. నటి చెయ్యే గానీ, చిటికెన వేలుని మేకప్పు పెట్టి లోపలికి వంకర తిప్పారు, అచ్చం ఆమె వేలు లాగా.

"ఓరి నాయనో, మొదట్లోనే చూపించేశారురా," అన్నాడు నిర్మాత చీకట్లో.

పేర్లక్క చేసిన టైటిల్స్‌లో ఇంతకంటే బాగా కుదిరినవి లేవు. హంతకురాల్ని ముందే చూపించింది, చూపించినట్టు ఎవరికీ తెలియలేదు, తనకి కూడా. తన చేతులారా తనే చేసుకుంది. ఆ చీకట్లో ఎవరో చూస్తారన్నట్టు కుడిచేతిని ఎడమచేత్తో కప్పేసుకుంది. మిగతా సినిమా ఏం జరిగిందో ఆమె తలకెక్కలేదు. నాన్న మంచివాడైపోయాడు అన్న ఒక్క మాటే బుర్రలో గిర్రున తిరిగింది.

దీపాలు వెలిగాక అందరూ చిన్నదాని చుట్టూ మూగారు. నిర్మాత చెమటలు తుడుచుకుంటూ, మొదటి నిమిషం నుంచీ ఆ చెయ్యి చంపేసిందండీ, ఎవరిదది అని అడిగాడు. అక్క అక్కడే ఉంది, చేతిసంచి కింద చెయ్యి దాచుకుని. చిన్నది అటు చూడకుండానే, "ఎవరో జూనియర్ ఆర్టిస్టుదిలెండి" అంది.

అన్నీ తుడిచి సర్ది టైటిల్స్ చివరి కాపీ పంపాల్సింది పేర్లక్క దగ్గర్నించే. మధ్యాహ్నం దానికోసం చిన్నది టైరు కొట్టు మెట్లెక్కి వచ్చింది, మొహంలో వెలుగుతో. హాల్లో ఎవరెవరేమన్నారో చెప్పుకుంటూ కూర్చుంది. అక్క ఎడిటింగు మిషను ముందు కూర్చుని వింటోంది. ఒళ్ళు మండిపోతోంది, అరవాలని ఉంది. కానీ అరవలేదు. అడగాల్సింది ఒకటే ఉంది, దాని జవాబు మీదే అంతా ఉంది. ఆ చిన్నపిల్ల చీకట్లో, ఏమీ కనపడక, చప్పుళ్ళు మాత్రమే విని, నిజంగానే అక్కని చూసి భయపడిందేమో. అంత చిన్నపిల్లకి ఎలా తెలుస్తుంది, ఎవరు కొడుతున్నారో, ఎవరు దెబ్బలు తింటున్నారో. అదే అయితే తప్పు ఎవరిదీ కాదు. దగ్గరికి తీసుకుని ఏడ్చి, నేనే చెప్పి ఉండాల్సిందే చిన్నీ అంటుంది. అనడానికి సిద్ధంగా ఉంది. అవునను, అవునను అని లోపల మొక్కుకుంటోంది.

"చిన్నీ, లోపల కూర్చున్నదానివి నువ్వు. నిజం చెప్పు. నీకు అప్పుడు నేనంటే భయం వేసేదా?"

చిన్నది ఆశ్చర్యపోయింది. "ఛ, లేదక్కా. నువ్వంటే భయమేంటి? నాన్న కొడుతున్నాడని నాకు తెలియదా? నువ్వు తలుపు మీద కొట్టేదాకా మెలకువగా ఉండేదాన్ని. కొట్టగానే నిద్రపట్టేసేది."

ఆ మాట కంటే ఆ నాన్న బెల్టే నయం. పేర్లక్క మరి ఎందుకిలా రాశావే అని అడిగింది. చిన్నది మొదట నీళ్ళు నమిలింది, తర్వాత పని గురించి చెప్పేవాళ్ళలా తేలిగ్గా చెప్పుకుపోయింది. మొదట ఉన్నదున్నట్టే రాసిందట. కొట్టే తండ్రి కథ ఎవరైనా ముందే పసిగట్టేస్తారని ఎవ్వరూ తీసుకోలేదట. తండ్రినీ అక్కనీ అటుదిటూ ఇటుదటూ చేశాక నచ్చనివాడు లేడట.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆ చెయ్యి పెట్టేదానివా?"

కింద కొట్లో ఎవరో టైరుని సుత్తితో బాదుతున్నారు. చిన్నది కుర్చీ దగ్గరికి జరుపుకుని, అక్క మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది. "అది నువ్వే అని ఎవరికీ తెలీదక్కా. నేనెవరికీ చెప్పను. ఒట్టు."

పేర్లక్క దాని మొహంలోకి అలాగే చూసింది. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషికి ధైర్యం చెబుతున్నట్టు ఉంది ఆ మాట.

"చెప్పు," అంది. "అందరికీ చెప్పు. అది మా అక్క చెయ్యి, నాకు అడ్డం పెడితే విరిగిన చెయ్యి అని చెప్పు. చెబుతావా?"

చిన్నది తల దించుకుంది. "అలా చెబితే సినిమా ఎవరు చూస్తారక్కా," అంది.

పేర్లక్క మిషను వైపు తిరిగింది. చెయ్యి కనపడే ముక్కలన్నీ ఒక్కోటీ తీసేసింది. తర్వాత బీరువా లోపలివీ తీసేసింది. దుప్పటి, వెలుగు, నలుసులు, గొళ్ళెం, ఏదీ ఉంచలేదు. మిగిలింది నల్లటి తెర, దాని మీద తెల్లటి పేర్లు. ఏం చేస్తున్నావక్కా అని చిన్నది లేచింది. తీసేయొద్దంది, అది లేకపోతే రెండో సగం నిలబడదంది, నిర్మాతకి నేనేం చెప్పాలంది. ఇంత ద్వేషం ఉందా నీకు నా మీద అని కూడా అంది. అక్క పని ఆపలేదు.

"ఈ ఒక్కసారికీ అక్కా."

"నీ పేరు ఉంచాను," అంది పేర్లక్క. "నా చెయ్యి నేను తీసుకున్నాను."

చిన్నది గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, అందులో మొహం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేట్టు ఏడ్చింది. పేర్లక్క లేచి రెండడుగులు వేసింది. వేశాక ఆగిపోయింది. ఆ ఏడుపులో ఏది నిజమో చూడాలని చూసింది. తలుపు దగ్గర ఉన్న వెలుగు చిన్నదాని మీద సరిగ్గా పడుతోంది, మొహం సగమే కనపడుతోంది. బాగా కుదిరిన షాటులా ఉంది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూస్తూ నిలబడింది. దీని ఆకలి, దీని జ్వరం, దీని అబద్ధం, ఏదైనా మొహం చూస్తే చెప్పేసేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఇది ఏడుపో, సీనో ఆమెకి తేలలేదు.

వెనక్కి వెళ్ళి కూర్చుని కాపీ పంపేసింది. చిన్నది ఇంకా ఏడుస్తూనే ఉంది.